ఒక్క రోజులో పులికాట్: ఎండాకాలంలో కుటుంబంతో వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సినవి

బడులకు సెలవులిచ్చారు. పిల్లలు ఇంట్లో కూర్చోరు. ఊటీ, కొడైకెనాల్ అంటే నాలుగు రోజులు, పెద్ద ఖర్చు. అందుకే నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు మన కుటుంబాలు చాలా వరకు ఒక్క రోజు ప్రయాణమే చూసుకుంటాయి. పొద్దున ఫజర్ తర్వాత బయల్దేరి, రాత్రి ఇంటికొచ్చి పడుకోవాలి. అలాంటి చోట్లలో పులికాట్ ఒకటి. ఒక పక్క ఉప్పునీటి సరస్సు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో పాత రేవు పట్నం. మనకు ఇంకో విశేషం కూడా ఉంది. ఇది వందల ఏళ్లుగా ముస్లింలు ఉంటున్న ఊరు.

పోయిన ఏడాది మే నెలలో మా ఇంటి నుంచి తొమ్మిది మందిమి వెళ్లాం. ఏమీ కనుక్కోకుండా వెళ్లి చేయగలిగిన తప్పులన్నీ చేశాం. ఒక్క తప్పు మాత్రం అబ్బా చేయనివ్వలేదు. దాని గురించి కింద వివరంగా రాశాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

ఎక్కడుంది?

పులికాట్ సరస్సు మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, తక్కువ భాగం తమిళనాడులో ఉంటుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా ఉన్న దీవే శ్రీహరికోట. సూళ్లూరుపేట, తడ మండలాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి, 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలో కలిశాయి.

పులికాట్ ఊరు మాత్రం తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, సరస్సు దక్షిణపు కొనలో ఉంది. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్లు. తమిళంలో పళవేర్కాడు అంటారు. బస్సు బోర్డు మీద ఆ పేరే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. మన తెలుగువాళ్లు ఈ సరస్సును ప్రళయ కావేరి అని పిలిచేవారు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కతలు' రాసింది ఈ సరస్సు దీవుల్లోని తెలుగువాళ్ల గురించే. పొన్నేరి, గుమ్మిడిపూండి చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి భాష గురించి భయం అక్కర్లేదు.

ఎండాకాలంలో ఏముంటుంది, ఏముండదు?

ముందే చెప్పేస్తున్నా, మళ్లీ నిరాశ పడొద్దు. ఎండాకాలంలో ఫ్లెమింగోలు ఉండవు. ఆ గులాబీ రెక్కల పక్షులు గుంపులుగా కనపడేది అక్టోబర్ నుంచి మార్చి దాకా. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చలికాలంలో పెట్టేది అందుకే. నేలపట్టులో గూడకొంగల సీజన్ కూడా ఇంచుమించు అదే. మే నెలలో సరస్సు ఉత్తర భాగం చాలా చోట్ల ఎండిపోయి తెల్లటి ఉప్పు నేల బయటపడుతుంది. పక్షుల కోసమే అయితే ఈ ప్రయాణాన్ని డిసెంబర్, జనవరికి వాయిదా వేసుకోండి.

శ్రీహరికోట సంగతీ అంతే. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద వెళుతూ రెండు వైపులా చూడొచ్చు గానీ, పాస్ లేకుండా షార్ లోపలికి పోనివ్వరు. రాకెట్ ప్రయోగాన్ని సందర్శకుల గ్యాలరీ నుంచి చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

మరి ఎండాకాలంలో పులికాట్ ఎందుకు? ఊరి కోసం. పాత మస్జిదులు, డచ్చివాళ్ల సమాధులు, చేపల రేవు, సాయంత్రం సముద్రపు గాలి. ఇవి ఎండాకాలంలోనూ ఉంటాయి, ఒక్క రోజుకు సరిపోతాయి.

ఎలా వెళ్లాలి?

కారులో: నెల్లూరు నుంచి 16వ నంబర్ జాతీయ రహదారిలో గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి తమిళనాడులోకి వెళ్లాలి. గుమ్మిడిపూండి దాటాక తచ్చూరు దగ్గర ఎడమకు తిరిగితే పొన్నేరి, అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్లలో పులికాట్. మొత్తం దూరం సుమారు 165 కిలోమీటర్లు. మధ్యలో ఆగకపోయినా మూడు గంటలు పైనే పడుతుంది. తిరుపతివాళ్లు శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడకు వచ్చి ఇదే రోడ్డు పట్టుకోవచ్చు.

రైల్లో: చెన్నై వైపు వెళ్లే రైల్లో సూళ్లూరుపేటలో దిగి, అక్కడ చెన్నై లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగాలి. పొన్నేరి నుంచి పులికాట్‌కు బస్సులున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లు చాలా వరకు పొన్నేరిలో ఆగవు, నేరుగా టికెట్ తీసుకుని తిప్పలు పడొద్దు. తిరుగు లోకల్ టైము పొద్దున్నే కనుక్కుని కాగితం మీద రాసుకోండి.

బాడుగ బండిలో: టెంపో ట్రావెలర్‌గానీ టాక్సీగానీ మాట్లాడుకుంటే తమిళనాడు పర్మిట్ ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. బాడుగ రేటులో అది ఉందో లేదో అడగకపోతే సరిహద్దు దగ్గర గొడవ పడాల్సి వస్తుంది.

హైదరాబాద్, విజయవాడ నుంచి ఒక్క రోజులో పోయి రావడం కుదరదు. రాత్రి రైల్లో నెల్లూరుకో గూడూరుకో వచ్చి, బంధువుల ఇంట్లో దిగి, మరుసటి పొద్దున బయల్దేరడం మేలు.

రోజును ఎలా పంచుకోవాలి?

మేం చేసిన మొదటి తప్పు ఇదే. తొమ్మిదికి బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చేరాం. కత్తిర ఎండలో పిల్లలను దింపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మే నెల మధ్యలో అక్కడ సూర్యోదయం 5.45 ప్రాంతంలో, సూర్యాస్తమయం 6.25 ప్రాంతంలో. పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగకూడదు. అది పెట్టుకుని లెక్క వేస్తే రోజు ఇలా వస్తుంది.

ఉదయం 5: ఇంట్లో ఫజర్ చదివి బయల్దేరడం.

7: సూళ్లూరుపేట ప్రాంతంలో టిఫిన్. ఆడవాళ్లకు, పిల్లలకు బాత్రూం పని ఇక్కడే ముగించుకోవాలి. హైవే మీద పెట్రోల్ బంకులు, హోటళ్లు ఉంటాయి. పులికాట్‌లో ఆ వసతి మీద ఆశ పెట్టుకోవద్దు.

8.30: పులికాట్. ముందు చేపల రేవు, తర్వాత డచ్ సమాధులు, కోట ఉన్న చోటు.

10.30: మస్జిదుల వీధులు. ఆ తర్వాత నీడ.

12.30 నుంచి 4: జొహర్, భోజనం, విశ్రాంతి.

4.30: అసర్ చూసుకుని, వంతెన దాటి సముద్రపు ఒడ్డు.

6: తిరుగు ప్రయాణం. మగ్రిబ్ పొన్నేరిలో. రాత్రి పదికల్లా నెల్లూరు.

చూడాల్సినవి

మస్జిదులు: ఊళ్లో పెద్ద పళ్లివాసల్, చిన్న పళ్లివాసల్ అని రెండు పాత మస్జిదులు ఉన్నాయి. తమిళంలో మస్జిద్‌ను పళ్లివాసల్ అంటారు. చిన్న మస్జిద్‌లో 1914 నాటి నీడ గడియారం ఉంది. రాతి పలక మీద పడే నీడను చూసి నమాజ్ వేళ తెలుసుకునేవాళ్లు. సెల్‌ఫోన్‌లో అజాన్ వినడానికి అలవాటుపడిన మన పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి. నీడ ఎలా కదులుతుందో పది నిమిషాలు నిలబెట్టి చూపిస్తే వాళ్లే ప్రశ్నలు అడుగుతారు.

ఇక్కడి ముస్లింలు ఎప్పుడొచ్చారు? ఖలీఫాకు కప్పం కట్టనని మక్కా వదిలి నాలుగు పడవల్లో వచ్చిన అరబ్బుల వారసులమని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అది నోటి మాటగా వచ్చిన చరిత్ర. అరబ్బు వర్తకులు ఈ తీరానికి రావడం, ఇక్కడే స్థిరపడటం మాత్రం నిజం. వీళ్ల ఇంటి భాష ఉర్దూ కాదు, తమిళం. ఒకప్పుడు తమిళాన్నే అరబ్బీ లిపిలో రాసుకునేవారు, దాన్ని అర్వీ అంటారు. ముస్లిం ఇంట్లో ఉర్దూయే మాట్లాడతారు అనుకునే మన పిల్లలకు ఇదొక కొత్త సంగతి. సలాం చెబితే మాత్రం జవాబు ఒకటే.

డచ్ సమాధులు: డచ్చివాళ్లు మన బందరులో 1606లో వర్తకం మొదలుపెట్టారు. పులికాట్‌లో 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. 1690 దాకా కోరమాండల్ తీరంలో వాళ్ల ముఖ్య కేంద్రం ఇదే. ఇక్కడి నుంచి బట్టలు ఓడల్లో తూర్పు దీవులకు వెళ్లేవి. మనుషులు కూడా వెళ్లారు, బానిసలుగా. ఈ చరిత్రను పిల్లలకు దాచకుండా చెప్పడమే మంచిది. కోట ఇప్పుడు కోటలా ఉండదు, చెట్లు, పొదల మధ్య ఆనవాళ్లే మిగిలాయి. సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు చూసి చిన్నపిల్లలు జడుసుకోవచ్చు. మనిషి ఎంత గొప్పవాడైనా చివరికి ఇంతే అని చెప్పడానికి వాటిని పెట్టారు.

లుంగీ, తాటాకు బుట్టలు: మలేసియాలో గళ్ల లుంగీని 'కైన్ పెలికాత్' అంటారు. పెలికాత్ అంటే పులికాటే. ఈ రేవు నుంచి వెళ్లిన గళ్ల బట్టకు ఊరి పేరే నిలిచిపోయింది. ఇక్కడి ముస్లిం ఆడవాళ్ల చేతిపని తాటాకు బుట్టలు, పెట్టెలు. ఇంటికి ఏదైనా కొనుక్కోవాలంటే ఇవి కొనండి. చెడిపోవు, డబ్బు నేరుగా పని చేసిన చేతికి పోతుంది.

చేపల రేవు: పొద్దున పడవలు వచ్చేటప్పుడు చూడాలి. మడవలు, రొయ్యలు, ఎండ్రకాయలు ఈ సరస్సు పంట. చూడండి గానీ పొద్దున కొనొద్దు. మేం రెండు కిలోల రొయ్యలు కొని, ఒక ఐసు సంచి వేసి డిక్కీలో పెట్టాం. సాయంత్రానికి కారంతా వాసన. బి.కాం. చదివినవాణ్ణి, ఆ నష్టం ఇంకా నా లెక్కలో ఉంది. కొనాలనుకుంటే మందపాటి థర్మాకోల్ పెట్టె, సరిపడా ఐసు ఇంటి దగ్గరి నుంచే తీసుకెళ్లి, బయల్దేరే ముందు దొరికితే కొనండి.

పడవ సంగతి

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే.

ఒడ్డున నిలబడితే ఎవరో ఒకరు వచ్చి, పడవలో తిప్పుతాం, సముద్రం కలిసే చోటు చూపిస్తాం అంటారు. మా దగ్గరికీ ఒకతను వచ్చాడు. మనిషికి ఇంత అని చెప్పాడు, ఖాలా బేరం చేసి సగానికి తెచ్చింది. పిల్లలు అప్పటికే చెప్పులు విప్పి నీళ్లలో దిగారు. అబ్బా ఒకటే అడిగారు, తొమ్మిది మందికి లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని. అతను నవ్వి, ఇది మోకాలి లోతు సరస్సు సార్ అన్నాడు. అబ్బా పిల్లలను వెనక్కి పిలిచేశారు. చిన్నోడు గంట సేపు ఏడ్చాడు. ఖాలా దారంతా మాట్లాడలేదు. నాకు కూడా అబ్బా మీద కోపమొచ్చింది, ఇంత దూరం వచ్చి పడవ ఎక్కకుండా పోవడమేంటని.

ఇంటికొచ్చాక పాత వార్తలు వెతికి చదివాను. 2011 డిసెంబర్ 25న ఇదే పులికాట్‌లో విహారానికి వచ్చిన కుటుంబాల పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. అందులో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత అక్కడ విహార పడవలను అధికారులు నిషేధించారు. అంటే మా దగ్గరికి వచ్చిన పడవ అసలు మమ్మల్ని ఎక్కించుకోకూడదు. ఆ రాత్రి ఖాలాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అబ్బాకు ఫోన్ ఇమ్మంది.

మోకాలి లోతు అన్న మాటలో సగం నిజం ఉంది. సరస్సు సగటు లోతు ఒక మీటరు ప్రాంతమే. కానీ సముద్రం కలిసే ముఖద్వారం దగ్గర లోతు ఎక్కువ, ఆటుపోట్లకు నీటి లాగుడు ఎక్కువ. పడవవాళ్లు చూపిస్తామనేది సరిగ్గా ఆ చోటే. అడుగున బురద, పడినవాళ్లకు కాలు ఆనదు. చీర, బుర్ఖా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, ఈత వచ్చినవాళ్లకు కూడా కష్టమే. ఇది చేపల వేటకు కట్టిన పడవ, పదిమంది ఒకేసారి ఫొటో కోసం ఒక పక్కకు జరిగితే తట్టుకోలేదు.

ఇలాంటివి మనకు కొత్త కాదు. 2017 నవంబర్‌లో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర ఎన్ని కుటుంబాలు పోయాయో మనం చూశాం. పేపర్లో చదివినప్పుడు అయ్యో అంటాం, ఒడ్డున నిలబడ్డప్పుడు బేరం చేస్తాం.

పిల్లలకు పడవ ఎక్కాలని ఉంటే ఆంధ్ర వైపు తడ దగ్గర భీములవారిపాళెంలో పర్యాటక శాఖ బోటింగ్ కేంద్రం ఉంది. ఎండాకాలంలో నీటి మట్టాన్ని బట్టి నడుపుతారు కాబట్టి వెళ్లే ముందు కనుక్కోండి. అక్కడైనా ఒకటే నియమం: ప్రతి మనిషికీ, పసిపిల్లలతో సహా, జాకెట్ కట్టాకే పడవ కదలాలి. లేకపోతే దిగిపోవాలి. ఇచ్చిన డబ్బు పోయినా సరే.

సముద్రపు ఒడ్డున కూడా మడమలు తడిసేంత వరకే. అక్కడ కాపలా లేదు, అలల కింద లాగుడు బయటికి కనపడదు.

నమాజ్, భోజనం

నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లు హనఫీ లెక్కలో ముసాఫిర్లే, ఎందుకంటే సఫర్ దూరం సుమారు 78 కిలోమీటర్లు. విడిగా చదివితే జొహర్, అసర్, ఇషా ఫర్జ్ రెండేసి రకాతులు. అక్కడి ఇమామ్ వెనక చదివితే పూర్తిగా నాలుగు. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. సూళ్లూరుపేటవాళ్లకు దూరం అంత లేదు కాబట్టి ఖస్ర్ రాదు. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడిగి బయల్దేరండి.

ఇంకో సంగతి. తమిళ తీరంలో షాఫయీ మస్లక్ వాళ్లు చాలామంది. వాళ్ల అసర్ వేళ మన హనఫీ వేళ కన్నా గంటకు పైగా ముందే మొదలవుతుంది. ఏ మస్జిద్‌కు వెళ్లినా ముందు గోడ మీది టైముల బోర్డు చూడండి. ఆడవాళ్లకు చోటు ఉందో లేదో లోపలికి వెళ్లే ముందే అడగాలి. రెండు జానిమాజ్‌లు, ఒక దుప్పటి వెంట ఉంటే ఏ చెట్టు నీడనైనా చదువుకోవచ్చు. శుక్రవారం వెళితే జుమా వేళ మస్జిద్ వీధుల్లో కారు పెట్టడం కష్టం. ఆదివారం ఒడ్డున జనం ఎక్కువ. వీలైతే మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

భోజనం ఇంటి నుంచి తీసుకెళ్లడమే మేలు. ఎండకు మాంసం బిర్యానీ మధ్యాహ్నం దాకా ఆగదు. చింతపండు పులిహోర, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, చపాతీ చాలు. అక్కడ చేపల భోజనం తినేవాళ్లు ఎండ్రకాయల విషయంలో తమ మస్లక్ చూసుకోవాలి. హనఫీలు తినరు.

ఎండ, నీళ్లు, మందులు

సరస్సు నీళ్లు ఉప్పు. మనిషికి కనీసం మూడు లీటర్ల మంచినీళ్లు, వుజూకు విడిగా ఒక క్యాను కారులో ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు వేసుకోండి. సముద్రపు గాలి సాధారణంగా మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున అది ఆలస్యమై ఉక్కపోత, వేడి రెండూ ఉంటాయి.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల ఇన్సులిన్ ఆపి ఉంచిన కారులో వదలొద్దు, వేడికి పనికిరాకుండా పోతుంది. చల్లటి సంచిలో వెంట పెట్టుకోవాలి. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటికి తడిగుడ్డ చుట్టి, విసురుతూ 108కు ఫోన్ చేయండి. తమిళనాడులో కూడా అదే నంబర్. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పొన్నేరిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

ఖర్చు లెక్క

రానుపోను సుమారు 330 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే 22 లీటర్లు. ఆ రోజు బంకు రేటుతో గుణించండి. నెల్లూరు, తడ మధ్య వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్ గేట్లు వస్తాయి, ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి. టిఫిన్, టీలు, ఐసు, పిల్లల చిరుతిళ్లు కలుపుకుని, మొత్తం మీద పదో వంతు అదనంగా పక్కన పెట్టండి. ఐదుగురికి మించితే రెండు కార్ల కన్నా ఒక టెంపో ట్రావెలర్ చవకో కాదో లెక్క వేసి చూడండి. నలుగురికైతే రైలే చవక, కాకపోతే నడక, ఎండ ఎక్కువ.

బయల్దేరే ముందు రాత్రి ఒక్కసారి చూసుకోండి: నీళ్లు, ఓఆర్ఎస్, మందులు, గొడుగులు, జానిమాజ్, దుప్పటి, ఒక జత అదనపు బట్టలు, తిరుగు రైలు టైము. దాంతోపాటు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక మాట తేల్చేయండి, పడవ ఎక్కేది లేదని. ఒడ్డున తేల్చుకుందాం అంటే పిల్లల ఏడుపు ముందు ఎవరూ నిలబడలేరు. ఈ ఏడాది మేం మళ్లీ వెళుతున్నాం. ఈసారి ఐదు గంటలకే బయల్దేరతాం, ఇన్షా అల్లాహ్.